చెప్పింది అడుగున్నర, పడింది ఏడున్నర అంగుళాలు: మార్చి మంచు తుపానులు ఎందుకు అంత తికమక పెడతాయి?

2017 మార్చి 13, సోమవారం సాయంత్రం. న్యూయార్క్‌లో మర్నాటి బడులకు అప్పటికే సెలవు ఇచ్చేశారు. గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. వేల విమానాలు రద్దయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటి నుంచి నేల పైన నడిచే సబ్‌వే రైళ్లు ఉండవన్నారు. నగరంలో అడుగు నుంచి అడుగున్నర, కొన్నిచోట్ల అంతకు మించి మంచు పడుతుందని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ, అంటే నేషనల్ వెదర్ సర్వీస్, బ్లిజార్డ్ వార్నింగ్ (భీకర మంచుగాలి హెచ్చరిక) ఇచ్చింది మరి. నది అవతల జెర్సీ సిటీ, ఎడిసన్‌లలోని మనవాళ్లు కూడా అందరిలాగే పాలు, బ్రెడ్డు, గుడ్లు తెచ్చి పెట్టుకుని, ఆఫీసుకి వర్క్ ఫ్రమ్ హోమ్ మెయిల్ కొట్టి పడుకుని ఉంటారు.

తీరా చూస్తే సెంట్రల్ పార్కులో కొలిచిన మంచు 7.6 అంగుళాలు. అందులోనూ చాలాసేపు పడింది స్లీట్. దూదిలా తేలుతూ దిగే మంచు కాకుండా, సగ్గుబియ్యం సైజు గట్టి పలుకులు కిటికీ అద్దాల మీద టపటపా కొట్టాయి. నగరానికి ఇచ్చిన బ్లిజార్డ్ వార్నింగ్‌ను పొద్దున్నే వెనక్కి తీసుకున్నారు. ఈమాత్రం దానికి ఊరంతా మూసేయాలా అని జనం విసుక్కున్నారు. అదే తుపాను, అదే రోజు, అదే రాష్ట్రంలో, కారులో మూడు గంటల దూరంలో ఉన్న బింగమ్‌టన్ ఊరిని దాదాపు మూడడుగుల మంచు కింద కప్పెట్టేసింది.

ఆ తర్వాత బయటపడిన సంగతి ఇంకా ఆసక్తికరం. మంచు మొదలు కాకముందే, సోమవారం మధ్యాహ్నమే, పెద్ద నగరాల్లో అంత మంచు పడకపోవచ్చని ఫోర్‌కాస్టర్లకు అర్థమైంది. ఫోన్‌లో అందరూ కలిసి చర్చించుకున్నారు. అయినా అంకె మార్చలేదు. ఆఖరి గంటల్లో తగ్గిస్తే జనం ‘హమ్మయ్య, గండం గడిచింది’ అనుకుని కార్లు బయటికి తీస్తారని, మళ్లీ పెంచాల్సి వస్తే గందరగోళమని ఆగిపోయారు. ఈ విషయాన్ని సంస్థ అధికారులే అసోసియేటెడ్ ప్రెస్‌కు చెప్పారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ నా లెక్కలో అది తప్పు నిర్ణయం. తమకు తెలిసిన అనిశ్చితిని జనానికి చెప్పకుండా అట్టే పెట్టుకున్నారు. మార్చి తుపాను విషయంలో అసలు చెప్పాల్సిందే ఆ అనిశ్చితి.

ఎందుకో తెలియాలంటే ముందు ఈ తుపాను ఎలా పనిచేస్తుందో చూడాలి. మనకు తెలిసిన తుపాను బంగాళాఖాతంలో పుడుతుంది. వెచ్చటి సముద్రం దాని ఇంధనం. తీరం దాటి నేల మీదికి రాగానే ఆ ఇంధనం అందక బలహీనపడుతుంది. అమెరికా తూర్పు తీరాన్ని కొట్టే శీతకాలపు తుపాను కూడా అల్పపీడనమే, అదీ అపసవ్య దిశలోనే తిరుగుతుంది. దాని ఇంధనం మాత్రం వేరు. కెనడా నుంచి దిగే గడ్డకట్టే గాలికి, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం మీద నుంచి వచ్చే తేమ గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాయే దాన్ని నడిపిస్తుంది. తేడా ఎంత ఎక్కువైతే తుపాను అంత ముదురుతుంది. పైన తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తులో పరుగెత్తే జెట్ స్ట్రీమ్ సరైన చోట వంపు తిరిగి కింది గాలిని పైకి లాగిందంటే పీడనం గబగబా పడిపోతుంది. 24 గంటల్లో సుమారు 24 మిల్లీబార్లు పడిపోతే దాన్ని బాంబ్ సైక్లోన్ అంటారు. టీవీ వాళ్లు భయపెట్టడానికి కనిపెట్టిన మాటలా వినిపిస్తుంది గానీ, 1980లోనే ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు తమ పరిశోధన వ్యాసంలో ఆ మాట వాడారు.

మార్చి వచ్చేసరికి ఈ తేడా బాగా పదునెక్కుతుంది. ఉత్తరాన ఇంకా నడి చలికాలం, దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరంలో అప్పటికే వసంతం. రెండింటి మధ్యా తుపానుకి ఒకటి రెండు రోజుల ప్రయాణం. జెట్ స్ట్రీమ్ ఇంకా బలంగానే ఉంటుంది, తేమ జనవరి కంటే ఎక్కువ దొరుకుతుంది. అందుకే చరిత్రలో చెప్పుకునే మంచు తుపానుల్లో చాలా వాటి తేదీలు చలికాలం చివర్లోనే కనిపిస్తాయి. 1888 మార్చి 11 నుంచి 14 వరకు న్యూయార్క్‌ను ముంచిన తుపాను వానగా మొదలై మంచుగా మారింది. 21 అంగుళాలు పడింది, గాలికి ఇళ్ల గోడల పక్కన గుట్టలుగా పేరుకుంది. టెలిగ్రాఫ్ తీగలు తెగిపోయి నగరాలు ఒకదానికొకటి మూగబోయాయి. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. న్యూయార్క్‌లో తీగలను భూమి లోపలికి దించడానికి, ఆపైన భూగర్భ రైలు ఆలోచన ఊపందుకోవడానికి ఆ అనుభవం ఒక కారణం. బోస్టన్‌లో 1997 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఏకంగా 25.4 అంగుళాలు పడింది.

ఇంత బలం ఉన్నా, మార్చి తుపాను ఎప్పుడూ సున్నా డిగ్రీల గీత మీదే నడుస్తుంది. ఫోర్‌కాస్టర్లకు నిద్ర పట్టనివ్వనిది అదే. జనవరిలో నేల దగ్గర మైనస్ 8 ఉంటే ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా పడేది మంచే. మార్చిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఊగుతూ ఉంటుంది. నేల మీద ఒక్కచోటే చూస్తే సరిపోదు, మేఘం నుంచి నేల దాకా మధ్యలో ఉన్న ప్రతి పొరా లెక్కలోకి వస్తుంది. పై నుంచి కింది దాకా అంతా సున్నా లోపు ఉంటే మంచు పడుతుంది. రెండు వేల మీటర్ల ఎత్తులో ఒక వెచ్చటి పొర దూరితే మంచు రేకు అక్కడ కరుగుతుంది. కింద చల్లటి పొర దళసరిగా ఉంటే నేలకు చేరేలోపు మళ్లీ గడ్డకట్టి స్లీట్ అవుతుంది. చల్లటి పొర పలచగా ఉంటే గడ్డకట్టే టైము లేక నీరుగానే వచ్చి, తగిలిన కొమ్మ మీదా కరెంటు తీగ మీదా అద్దంలా అతుక్కుపోతుంది. దాన్నే ఫ్రీజింగ్ రెయిన్ అంటారు. డ్రైవింగ్‌కి అన్నిటికంటే ప్రమాదం అదే.

ఇప్పుడు న్యూయార్క్ లెక్క చూడండి. సగటున ఒక అంగుళం నీరు పది అంగుళాల మంచు అవుతుంది. బాగా చలిగా ఉంటే పదిహేను, ఇరవై కూడా అవుతుంది. మార్చి తడి మంచైతే ఐదో ఏడో. స్లీట్ అయితే రెండు మూడు అంగుళాలే. రెండంగుళాల నీరు పడాల్సి ఉంటే అది ఇరవై అంగుళాల మంచుగా దిగవచ్చు, ఐదంగుళాల స్లీట్‌గానూ దిగవచ్చు. 2017లో తుపాను తీరానికి కాస్త దగ్గరగా జరిగింది. సముద్రం మీది వెచ్చటి గాలి పై పొరల్లోకి చొరబడింది. మంచు, స్లీట్ మధ్య గీత నగరం మీదికి వచ్చి కూర్చుంది. ఆ గీత ఒక యాభై, అరవై కిలోమీటర్లు తూర్పుకి జరిగి ఉంటే గవర్నర్ నిర్ణయాన్ని అందరూ మెచ్చుకునేవాళ్లు. దురదృష్టం ఏమిటంటే వాషింగ్టన్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్‌లను కలిపే ఐ-95 హైవే చాలాసార్లు సరిగ్గా ఈ గీత వెంటే ఉంటుంది. కోట్ల జనాభా ఉన్నది కూడా అక్కడే.

అంగుళాలు తగ్గాయని బరువు తగ్గదు, దీన్ని జనం ఎప్పుడూ మర్చిపోతారు. ఒక అంగుళం నీరు ఎలా పడినా చదరపు మీటరుకు పాతిక కిలోలు. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే యాభై చదరపు మీటర్లు అనుకుంటే అక్కడ ఎత్తి పోయాల్సింది టన్నుంబావు. జనవరి పొడి మంచు పారతో తోస్తే పోతుంది. మార్చి మంచు తడి సిమెంటులా పారకు అంటుకుని వదలదు. ఆ మంచు ఎత్తుతూ గుండెపోటుతో పోయేవాళ్లు అమెరికాలో ఏటా ఉంటారు. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన నాన్నగారో మామయ్యగారో ‘ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేయను, నేను తీస్తాలే’ అని పార అందుకుంటే మొహమాటపడకుండా లాక్కోవడమే మంచిది.

సముద్రపు తేమ, కొండల మీది చలి కలిస్తే ఏమవుతుందో మన తుపాను కూడా ఒకసారి చూపించింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఛిద్రం చేసిన హుద్‌హుద్, బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత నేపాల్ కొండల మీద మంచు తుపానుగా విరుచుకుపడింది. అన్నపూర్ణ ప్రాంతంలో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు, గైడ్లు, ఊళ్లవాళ్లు కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. విశాఖలో చెట్లు కూల్చిన మేఘాలే అక్కడ అడుగుల లెక్కన మంచు పోశాయి.

ఇక రెండో తికమక, అవుట్‌లుక్, అంటే వారాలకో నెలలకో ముందుగా చెప్పే అంచనా. ‘ఈ వసంతం మామూలు కంటే వెచ్చగా ఉంటుందన్నారు కదా, మరి ఈ మంచేమిటి’ అని మార్చి తుపాను వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మాట చెప్పేది మేరీలాండ్‌లోని క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్. ఆరు నుంచి పది రోజులకు, ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులకు, మూడు నాలుగు వారాలకు, నెలకు, మూడు నెలలకు విడివిడిగా మ్యాపులు వేస్తుంది. నారింజ రంగు వెచ్చదనం వైపు, నీలం చలి వైపు. రంగు చూసి ‘ఇక్కడ వేడి’ అనుకుంటాం. ఆ రంగు చెప్పేది ఉష్ణోగ్రత ఎంతుంటుందన్నది అసలే కాదు, ఎటువైపు అవకాశం ఎక్కువన్నది మాత్రమే.

లెక్క ఇలా ఉంటుంది. 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ల రికార్డు తీసుకుని మూడు సమాన భాగాలు చేస్తారు: చల్లటి పదేళ్లు, మధ్యస్థ పదేళ్లు, వెచ్చటి పదేళ్లు. ఏ సమాచారమూ లేకపోతే ఒక్కోదానికి 33 శాతం అవకాశం. వెచ్చటి భాగానికి 50 శాతం అని మ్యాపు చెబితే, మధ్యస్థానికి 33, చల్లటి వైపుకు ఇంకా 17 శాతం మిగిలే ఉంటుంది. ఆరింట ఒకసారి చలి గెలుస్తుందన్నమాట. ఒకవేళ మూడు నెలల సగటు నిజంగానే వెచ్చగా తేలినా, ఆ తొంభై రోజుల్లో ఒక మూడు రోజుల తుపాను హాయిగా ఇమిడిపోతుంది. సగటును అది పెద్దగా కదిలించదు కూడా.

మనకు ఇది కొత్తేమీ కాదు. 2023 నైరుతి రుతుపవనాలకు దేశమంతా కలిపి దీర్ఘకాల సగటులో 96 శాతం వాన అని భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఏప్రిల్‌లో చెప్పింది. సెప్టెంబరు చివరికి తేలింది 94 శాతం. అంచనాగా చూస్తే మంచి మార్కులే వేయాలి. కానీ ఆ 94 శాతం లోపలే జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. మోరంచపల్లిలో ఇంటి కప్పెక్కినవాళ్లకు దేశపు సగటు ఏం పనికొస్తుంది?

అవుట్‌లుక్ దండగ అనడం కూడా సరికాదు. కొన్నిసార్లు అది చాలా ముందే చెవిలో ఊదుతుంది. 2018 ఫిబ్రవరి మధ్యలో ఉత్తర ధ్రువం మీద, చాలా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే పొరలో గాలి ఉన్నట్టుండి వేడెక్కింది. అక్కడ చలిని గిరిగీసి బంధించే గాలి సుడి, పోలార్ వోర్టెక్స్, రెండుగా చీలింది. ఇలా జరిగితే తర్వాతి కొన్ని వారాల్లో ఆ చలి కిందికి, దక్షిణానికి జారే అవకాశం పెరుగుతుంది. ఎక్కడికి, ఏ రోజన్నది మాత్రం ముందు తెలియదు. ఫిబ్రవరి 21న సెంట్రల్ పార్కులో 78 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే ఇంచుమించు 26 సెల్సియస్ ఎండ కాసింది. అక్కడి ఫిబ్రవరికి అది రికార్డు. ఆ చివరి వారంలోనే యూరప్ గడ్డకట్టింది. ఆ తర్వాత మార్చి మొదటి మూడు వారాల్లో అమెరికా ఈశాన్య తీరాన్ని వరసగా నాలుగు తుపానులు కొట్టాయి. టీషర్టులు వేసుకుని పార్కుకెళ్లినవాళ్లు పది రోజులు తిరక్కుండానే మళ్లీ కోట్లు బయటికి తీశారు.

ఆలస్యంగా వచ్చే చలి చేసే నష్టం మంచు అంగుళాల్లో కనిపించదు. 2017 ఫిబ్రవరి అమెరికా రికార్డుల్లో రెండో అత్యంత వెచ్చటి ఫిబ్రవరి. చెట్లు వసంతం వచ్చేసిందనుకుని మొగ్గ తొడిగాయి. మార్చి మధ్యలో చలి విరుచుకుపడేసరికి వాషింగ్టన్‌లోని ప్రసిద్ధ చెర్రీ పూలు సగం దాకా మాడిపోయాయి. సౌత్ కరోలినా పీచ్ తోటల్లో ఆ ఏడు పంట చాలావరకు పోయింది. అదే చలి జనవరిలో వచ్చి ఉంటే చెట్లకు ఏమీ అయ్యేది కాదు, నిద్రలో ఉండేవి. మామిడి పిందె మీద వడగళ్లు పడటం చూసిన రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పెద్ద తుపాను వస్తుందని పట్టుకోవడంలో ఫోర్‌కాస్టర్లు ఏనాడో ఆరితేరారు. 1993 మార్చి 12 నుంచి 14 వరకు క్యూబా నుంచి కెనడా దాకా పాకిన తుపానును ‘శతాబ్దపు తుపాను’ అంటారు. అది రాబోతోందని ఐదు రోజుల ముందే చెప్పగలిగారు. మంచు పడకముందే కొన్ని రాష్ట్రాల గవర్నర్లు ఎమర్జెన్సీ ప్రకటించారు. ఆ రోజుల్లో అది అద్భుతమే. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, మంచు తీసే బండ్లు అరుదైన ఊళ్లో, అడుగు మంచు పడింది. సిరక్యూస్‌లో దాదాపు 43 అంగుళాలు. తూర్పు తీరంలో పెద్ద విమానాశ్రయాలన్నీ ఏదో ఒక సమయంలో మూతపడ్డాయి. అంత గొప్ప అంచనా కూడా ఒకచోట దెబ్బతింది. ఫ్లోరిడా గల్ఫ్ తీరంలో తెల్లవారకముందే సముద్రం పన్నెండు అడుగుల దాకా ఉప్పెనలా లేచింది. మార్చిలో, హరికేన్ సీజన్ కాని టైములో, నిద్రలో ఉన్న జనం దాన్ని ఊహించలేదు. తుపాను వస్తుందని అందరికీ తెలుసు, తమ వీధిలో అది ఏ రూపంలో వస్తుందో తెలియలేదు.

ఈ తేడాను కొలవడానికే ఇప్పుడు ఎన్‌సెంబుల్ పద్ధతి వాడుతున్నారు. మొదటి పరిస్థితులను పిసరంత అటూ ఇటూ మార్చి అదే కంప్యూటర్ మోడల్‌ను పదుల సార్లు నడుపుతారు. యూరప్ వాతావరణ అంచనాల కేంద్రం ఒక్కోసారి 51 రకాలుగా నడుపుతుంది. 51లో 45 ఒకే మాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. సగం అడుగున్నర అని, సగం ఆరంగుళాలని చెబితే, మధ్యలో ఒక అంకె వేసి ‘పన్నెండు అంగుళాలు’ అనడం అంటే ఎవరూ చెప్పని మాట చెప్పినట్టే. 2015 జనవరిలో న్యూయార్క్‌కు రెండడుగులకు పైగా మంచు అని చెప్పి, 9.8 అంగుళాలే పడ్డప్పుడు, న్యూజెర్సీలోని మౌంట్ హోలీ కార్యాలయ అధిపతి గేరీ జట్కౌస్కీ ట్విట్టర్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇప్పుడు స్థానిక కార్యాలయాలు చాలావరకు మూడు అంకెలు ఇస్తున్నాయి: కనీసం ఇంత, ఎక్కువగా అవకాశం ఉన్నది ఇంత, మరీ దారుణమైతే ఇంత. టీవీలో, ఫోన్ యాప్‌లో మనకు చేరేది మాత్రం మధ్య అంకె ఒక్కటే. మిగతా రెండూ చూడాలంటే వాతావరణ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొట్టాలి. కనీసానికీ గరిష్ఠానికీ మధ్య దూరం పద్నాలుగు అంగుళాలుంటే, ఆ రోజు ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా దింపే పని ఉంటే మరో ఏర్పాటు చూసుకోవాలి.

హెచ్చరికల పేర్లు కూడా జాగ్రత్తగా చదవాలి. వాచ్ అంటే అవకాశం ఉంది, కనిపెట్టుకుని ఉండమని. వార్నింగ్ అంటే వస్తోంది, లేదా వచ్చేసింది. బ్లిజార్డ్ అన్న మాటకైతే అసలు మంచు ఎత్తుతో సంబంధమే లేదు. గంటకు 35 మైళ్లు లేదా అంతకు మించిన గాలి, పావు మైలు లోపే చూపు, ఈ రెండూ కలిసి కనీసం మూడు గంటలు ఉండాలి, అంతే. ఆకాశం నుంచి రేకు పడకపోయినా నేల మీది మంచును గాలి లేపి కొడితే అదీ బ్లిజార్డే.

ఆ మూడు అంకెల మధ్య దూరం తగ్గాలంటే కంప్యూటర్ ఒక్కటే చాలదు, గాలిలోకి వెళ్లి కొలవాలి. రోజుకు రెండుసార్లు అమెరికా అంతటా బెలూన్లు ఎగరేసి పొరపొరకూ ఉష్ణోగ్రత, తేమ, గాలి చూస్తారు. స్లీట్ పడుతుందా మంచు పడుతుందా అని తేల్చే ఆ రెండు వేల మీటర్ల పొర గురించి బాగా చెప్పగలిగేది ఈ బెలూనే. 2025 మార్చిలో సిబ్బంది కొరత వల్ల నెబ్రాస్కాలోని ఒమాహాలో, సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో బెలూన్లు ఎగరేయడం ఆపేస్తున్నామని, మరో ఆరు చోట్ల రోజుకు ఒకటే ఎగరేస్తామని వాతావరణ సంస్థ ప్రకటించింది. రాకీ పర్వతాలు దాటి తూర్పుకి దిగే తుపానులు మొదట కాలు పెట్టేది ఆ మైదానాల్లోనే, అదీ ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే.